పావుచుట్టు బాబాయి

"...పోనీ కుళాయిలంటే అర్థముంది, గోడ గడియారం ముల్లెందుకు తిప్పారు?"

"పావుచుట్టే తిప్పాను. తిప్పి మళ్లీ ఉన్నచోటే పెట్టాను."

"ఉన్నచోటే పెడితే నేను పళ్ల డాక్టరు దగ్గరికి పావుగంట ముందెందుకు వెళ్లాను? ఆయన గది ఊడ్చే మనిషి వచ్చేదాకా మెట్లమీద కూర్చున్నాను."

"నేను కదపకపోతే ఆ ముల్లు అక్కడే బిగుసుకుపోయేది."

"గడియారం ముల్లు దానంతటదే తిరుగుతుందండీ. దాని పనే అది."

బాబాయి తలెత్తి గడియారం వైపు చూశాడు. "నిజమే. ఆ సంగతి తట్టలేదు," అన్నాడు.

నేను గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాను. బాబాయీ పిన్నీ మేడమీద వాటాలో ఉంటారు, మేం కింద. నేను పైకి వెళ్లినప్పుడల్లా ఇలాంటి పంచాయితీ ఏదో ఒకటి సగంలో ఉండేది.

మా బాబాయికి ఉన్న చాదస్తం ఒక్కటే. తిరిగే వస్తువేదైనా కంటపడితే దాన్ని పావుచుట్టు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, వదిలేవాడు. కుళాయి, తలుపు పిడి, రేడియో మీట, సీసా మూత, ఏదైనా సరే. ఎందుకని అడిగితే ఒకే జవాబు: "తిరగకపోతే తిరగదు." ఈ జవాబు మీద నేను చాలా రోజులు బుర్ర పెట్టాను. అందులో కారణమేదో ఫలితమేదో ఇప్పటికీ విడదీయలేను.

ఆయన మా నాన్నకు పినతల్లి కొడుకు. కాగితపు మిల్లులో ఇరవై ఎనిమిదేళ్లుగా వాల్వుల మెకానిక్కు. అదే మిల్లులో మరమ్మతుల ఆఫీసు గుమాస్తాని నేను. ఇంట్లో నాకు బాబాయి, మిల్లులో అందరికీ పావుచుట్టు. ఎదురుపడితే "పావుచుట్టు గారూ" అనేవాళ్లు. ఆయన అది తన ఇంటిపేరే అయినట్టు పలికేవాడు.

మిల్లులో మూడువందల పన్నెండు వాల్వులున్నాయి. ఆవిరికి కొన్ని, నీళ్లకు కొన్ని, గుజ్జుకు కొన్ని. చాలా వాల్వులకి పని ఎప్పుడో గాని పడదు. నెలల తరబడి తెరిచినది తెరిచినట్టే, మూసినది మూసినట్టే ఉంటుంది. ఆ నెలల్లో తిప్పే చక్రం కింది ఇనుప కాడ చుట్టూ ఉప్పూ తుప్పూ పేరుకుంటాయి. తీరా అవసరం వచ్చిన రోజు చక్రం కదలదు. అప్పుడు ఒకడు చక్రం పుల్లల మధ్య ఇనుప గొట్టం దూరుస్తాడు, ఇంకొకడు ఆ గొట్టం మీద వేలాడతాడు. కాడ విరుగుతుంది. కొత్త వాల్వు తెచ్చి బిగిస్తారు. అదీ ఇంకో నాలుగేళ్లకు ఇలాగే పోతుంది.

"వాల్వుని చంపేది ఆవిరి కాదురా," అనేవాడు బాబాయి. "మన తొందర."

అందుకని ఆయన ప్రతి వాల్వునీ నెలకోసారి పలకరించేవాడు. పావుచుట్టు అటు, పావుచుట్టు ఇటు, కాడ మీద రెండు చుక్కల నూనె. కాడ దగ్గర చెమ్మ కనిపిస్తే, కారకుండా లోపల చుట్టే తాడు మార్చేవాడు. పదేళ్లు నడుస్తుందని రాసిచ్చిన వాల్వు ఆయన చేతికింద పాతికేళ్లు నడిచింది. ఒకసారి ఆ వాల్వుల కంపెనీ తాలూకు మనిషి కొత్త సరుకు అమ్ముదామని వచ్చాడు. బాబాయి చూపించిన వాల్వు దగ్గర ఆగిపోయి, ఫోటో తీసుకోవచ్చా అని అడిగాడు. "ఈ రకం ఇప్పుడు మా దగ్గర కూడా లేదండీ," అన్నాడు. కొత్త వాల్వుల ఊసెత్తకుండానే వెళ్లిపోయాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. మిల్లు గేటు దాటాక కూడా ఆ చెయ్యి ఊరుకునేది కాదు, అదే గొడవ. పిన్ని వంటింట్లో ఏ సీసా మూతా గట్టిగా ఉండేది కాదు. మూత పట్టుకుని సీసా ఎత్తిన చుట్టాలకి చేతిలో మూత ఒక్కటే మిగిలేది. మా స్టోర్ కీపరుకు కడుపులో ఆపరేషన్ అయితే బాబాయీ నేనూ చూడ్డానికి వెళ్లాం. మంచం కాళ్లవైపు ఒక తిప్పుడు పిడి ఉంది. నేను చూసేలోగానే ఆయన చూశాడు. తల వైపు మంచం జానెడు లేచింది.

"ఎవరు నన్ను లేపుతోంది?" అన్నాడు స్టోర్ కీపరు కళ్లు మూసుకునే.

"నేనే. మళ్లీ పడుకోబెడతాను," అన్నాడు బాబాయి. పడుకోబెట్టాడు కూడా. స్టోర్ కీపరు ఆ తర్వాత నెల్లాళ్లు అది కలో నిజమో తేల్చుకోలేకపోయాడు. నేను చెప్పలేదు.

ఇలా సాగుతుండగా కొత్త మేనేజరు వచ్చాడు. మంచివాడే గాని, అర్థంకాని విషయం ఒకటి తగిలితే పంటిలో పీచు ఇరుక్కున్నట్టు దాన్ని వదలడు. వచ్చిన మూడోరోజే నన్ను పిలిచాడు.

"నా కుర్చీ ఎవరు తిప్పారు?"

"మా బాబాయండీ."

"బాబాయెవరు?"

"మిల్లుకి పావుచుట్టు, నాకు బాబాయి."

"నా గదిలో ఆయనకేం పని?"

"పనేం లేదండీ. తలుపు తీసి ఉంటే కుర్చీ కనపడి ఉంటుంది."

మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు. బాబాయి చేసే పనికి రిజిస్టరు ఉందా అని అడిగాడు. ఉంది. అదే మా కొంప మీదికి తెచ్చింది.

రిజిస్టరులో ప్రతి వాల్వుకీ ఒక వరస. నెలకోసారి తిప్పినట్టు ఒక టిక్కు. మూడువందల ఒకటింటికి అంతే. మిగతా పదకొండింటికి మాత్రం రోజూ టిక్కు ఉంది. మూడేళ్లుగా రోజూ. పన్నెండో నంబరు, పద్నాలుగు, నలభై ఒకటి, రెండువందల ఆరు... వాటిలో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. కొన్ని ఆవిరివి, కొన్ని నీళ్లవి, ఒకటి అసలు దేనిదో నక్షాలో కూడా సరిగా లేదు. అన్నీ ఆవిరి గది రెండో అంతస్తులో ఉన్నాయన్నది ఒక్కటే పోలిక. అక్కడైతే మొత్తం యాభై ఉన్నాయి. మిగతా ముప్ఫై తొమ్మిది ఏం పాపం చేశాయి?

మేనేజరు బాబాయిని పిలిపించాడు.

"ఈ పదకొండూ రోజూ ఎందుకు తిప్పుతున్నారు?"

"తిరగాలి కదండీ."

"నెలకోసారి చాలదా?"

"చాలదండీ."

"ఎందుకు చాలదు?"

"రోజూ తిరగకపోతే, రోజూ తిరిగినట్టు తిరగవు."

మేనేజరు ఈ వాక్యం కాగితం మీద రాసుకున్నాడు. రాసుకున్నది రెండుసార్లు చదివాడు. కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు. అక్కడేం లేదు.

"పావుచుట్టు గారూ, వచ్చే శనివారంలోగా నాకు కారణం కావాలి. లేదంటే ఈ తిరుగుడు ఆపేసి మిమ్మల్ని స్టోరు కౌంటరులో కూర్చోబెడతాను. ఏ వాల్వు నడిపేవాళ్లు ఆ వాల్వు తిప్పుకుంటారు."

బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. స్టోరులో తిరిగే వస్తువులన్నీ అట్టపెట్టెల్లో ఉంటాయి.

అయినా కారణం మాత్రం చెప్పలేదు. దారిపొడుగునా నేను అడిగాను, ఇంట్లో పిన్ని అడిగింది. "నలుగురూ నవ్వుతున్నారు, కనీసం నాతోనైనా చెప్పండి," అంది. ఆయన పంచదార సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

మేనేజరు ఊరుకోలేదు. బయటినుంచి ఒక సలహాదారుని పిలిపించాడు. ఆయన మెడలో ఒక పరికరం, చేతిలో ఒక పరికరం. మూడురోజులు బాబాయి వెనకే తిరిగాడు. మొదటిరోజు, పదకొండూ కిటికీవైపు ఉన్నాయి కాబట్టి వేడి తేడావల్ల బిగుసుకుంటాయని తేల్చాడు. రెండోరోజు, నాలుగు కిటికీవైపు లేవని నేను చూపించాను. అప్పుడు అదురు వల్ల అన్నాడు. పరికరం పెట్టి చూస్తే అదురు ఎక్కువున్నవి మిగతా ముప్ఫై తొమ్మిదీ. మూడోరోజు ఆయన నన్ను పక్కకి పిలిచాడు.

"మీ బాబాయిది ఎడమచేతి వాటమా?"

"కాదండీ. అన్నం, రాత, సుత్తి, అన్నీ కుడిచేత్తోనే."

"మరి ఈ పదకొండూ ఎడమచేత్తో తిప్పుతున్నాడేం?"

నేను ఎన్నడూ గమనించలేదు. వెళ్లి చూశాను. ముప్ఫై తొమ్మిదింటిలో ఏది తిప్పినా కుడిచెయ్యి. ఈ పదకొండింటి దగ్గరికి వచ్చేసరికి కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఎడమచేత్తో నెమ్మదిగా, వైద్యుడు నాడి చూసినట్టు తిప్పుతున్నాడు. ఎక్కడైనా పట్టినట్టు తోస్తే ఆగి, నూనె వేసి, మళ్లీ ఎడమచేత్తోనే తిప్పుతున్నాడు. అదీ మధ్యాహ్నం ఒంటిగంటకి, అందరూ భోజనానికి వెళ్లి అంతస్తు ఖాళీగా ఉన్నప్పుడు.

సలహాదారు తన నివేదికలో పద్నాలుగు పేజీలు రాశాడు. ఎడమచేత్తో తిప్పడంవల్ల కాడ మీద ఒత్తిడి ఒక ప్రత్యేకమైన కోణంలో పడుతుందని, దానివల్ల ఆయుష్షు పెరుగుతుండవచ్చునని, పెరగకపోవచ్చునని కూడా రాశాడు. మేనేజరు అది చదివి, కుర్చీలో పావుచుట్టు తిరిగి కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశాడు.

"వారం రోజులు ఆపి చూద్దాం," అన్నాడు చివరికి. "ఏ తేడా రాకపోతే ఆయన చెప్పేది ఉత్తమాటే. ఇంకో విషయం. ఆపరేటర్లు తమ వాల్వులు తాము తిప్పగలరో లేదో తేలాలి. ఈ వారం అయ్యాక వచ్చే సోమవారం అందరికీ చక్రం పరీక్ష. నిమిషంలో వాల్వు మూయలేనివాళ్లని కింద పెట్టెలు కట్టే ప్యాకింగు విభాగానికి మారుద్దాం. నోటీసు రాయి."

రాశాను. రాస్తున్నప్పుడు అది ఎవరికి తగులుతుందో నాకు తెలియదు.

ఆ వారం ఇంట్లో పిన్ని పడ్డ బాధ అంతా ఇంతా కాదు. మిల్లులో తిప్పడానికి వీల్లేని పదకొండు పావుచుట్లూ ఇంటికి వచ్చాయి. కుట్టుమిషను చక్రం తిప్పితే దారం తెగింది. కిటికీ చిలకలు ఊడొచ్చాయి. పక్కింటావిడ తలుపు తాళం అడక్కుండానే బాగుచేసి, దొంగేమో అనిపించుకున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్," అంది పిన్ని నాతో, "ఆ మేనేజరుకి చెప్పు. మా ఇంట్లో ఇంక తిరిగేవి ఏమీ మిగల్లేదని."

ఐదోరోజు మధ్యాహ్నం రెండు దాటాక, నోటీసు మీద సంతకాలు తీసుకోవడానికి రెండో అంతస్తుకి వెళ్లాను. అక్కడ మధ్యాహ్నం షిఫ్టు ఆవిరక్కది. ఆవిరి గదిలో పదహారేళ్లుగా పనిచేస్తోంది కాబట్టి అందరికీ ఆవిరక్క. గేజి చూడకుండా గొట్టం చప్పుడు విని ఒత్తిడి ఎంతో చెప్పేస్తుంది. ఆమె పన్నెండో నంబరు వాల్వు దగ్గర ఉంది. ఎడమచేత్తో చక్రం పట్టుకుని, భుజం ఆనించి, ఒళ్లంతా బరువు పెట్టి తోస్తోంది. కుడిచెయ్యి ఏప్రాన్ జేబులో ఉంది.

"ఏంటి తమ్ముడూ అలా చూస్తున్నావు? ఇది ముసలిదైంది. వారంగా నామీద అలిగింది."

"కుడిచెయ్యి కూడా వెయ్యక్కా."

"కుడిచెయ్యి సెలవులో ఉంది."

"ఎప్పట్నుంచి?"

ఆమె అటూ ఇటూ చూసింది. "మూడేళ్లయింది. మెట్లమీద పడ్డాను చూడు, మణికట్టు విరిగింది, అప్పట్నుంచి. అతికింది గాని తిప్పుడు పనికి రాదు. ఎవరికీ చెప్పకు. మొదటిరోజు భయపడ్డాను గాని, ఆ తర్వాత చూస్తే ఎడమచేత్తో వెన్నలా తిరిగాయి. నా ఎడమచేతిలో ఇంత బలముందని ముప్ఫై ఏడేళ్లు నాకే తెలీదు." చక్రం వైపు చూసింది. "ఇప్పుడు ఇదీ పోయినట్టుంది. ఐదురోజుల్లో ఎవరికైనా బలం ఇలా పోతుందా తమ్ముడూ?"

"అవసరం పడితే నువ్వు ఇక్కడ ఏయే వాల్వులు తిప్పాలక్కా?"

ఆమె వేళ్లమీద లెక్కపెట్టింది. పన్నెండు, పద్నాలుగు, నలభై ఒకటి, రెండువందల ఆరు... మొత్తం పదకొండు. మిగతా ముప్ఫై తొమ్మిదీ వేరేవాళ్లవి.

నేను సంతకం తీసుకోవడం మర్చిపోయి కిందికి దిగాను. బాబాయి పనిబల్ల దగ్గర ఊరికే కూర్చుని ఒక నట్టు తిప్పుతున్నాడు.

"బాబాయ్, ఆవిరక్క మణికట్టు సంగతి నీకెలా తెలుసు?"

నట్టు ఆగింది. "సెలవు తర్వాత వచ్చిన మొదటిరోజు కళ్లారా చూశాను. పద్నాలుగో నంబరు దగ్గర నిలబడి ఉంది పాపం. తిప్పడంలేదు, ఊరికే చెయ్యి వేసి నిలబడింది. మర్నాడు భోజనాలవేళ వెళ్లి అది వదులు చేసిపెట్టాను. తర్వాత మిగతావి కూడా."

"ఎడమచేత్తో ఎందుకు?"

"నా కుడిచేతికి ఏదైనా తిరుగుతుందిరా. ఆమె చేతికి ఎలా తగులుతుందో నాకు తెలియాలి కదా."

"ఆమెకి చెప్పొచ్చుగా."

"చెప్తే 'ఇది నా బలం కాదన్నమాట' అనుకుంటుంది. పైగా కృతజ్ఞతలు చెప్తుంది. అప్పుడు నేనేం మాట్లాడాలి? నాకు రాదు అదంతా."

"మేనేజరుకైనా చెప్పు. శనివారం దాటితే నిన్ను స్టోరులో కూర్చోబెడతాడు."

"కారణం చెప్తే రిజిస్టరులో రాస్తారు. రాస్తే ఆమెని కిందికి దించుతారు. పదహారేళ్లు ఆవిరి వినే చెవి అది. అట్టపెట్టెలకి టేపు అంటించడానికా?" నట్టు మళ్లీ తిప్పడం మొదలుపెట్టాడు. "స్టోరుకి నేను వెళ్తాలే. కౌంటరు కింద ఏదో ఒకటి తిరిగేది ఉండకపోదు."

"నువ్వు వెళ్లినా సోమవారం పరీక్ష ఉంది బాబాయ్. ఆమె తప్పుతుంది."

ఆయనకి ఆ సంగతి తట్టలేదు. నట్టు బల్లమీద పెట్టేశాడు. తిరిగే వస్తువుని ఆయన మధ్యలో వదిలెయ్యడం నేను చూడటం అదే మొదటిసారి.

శనివారం రెండుగంటలకి కొంచెం ముందు మేనేజరు మమ్మల్ని వెంటబెట్టుకుని రెండో అంతస్తుకి వెళ్లాడు. సలహాదారు పరికరాలతో సహా వచ్చాడు. మేనేజరు చొక్కా చేతులు మడిచి, పన్నెండో నంబరు చక్రం కుడిచేత్తో పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. రెండు చేతులూ వేశాడు. మొహం ఎర్రబడింది, చక్రం మాత్రం ఉన్నచోటే ఉంది. సలహాదారు కూడా ఒక చెయ్యి వేశాడు. ఆయన మెడలోని పరికరం ఏదో కూత కూసింది.

"వారంలో ఇంత బిగుస్తుందా?" అన్నాడు మేనేజరు రొప్పుతూ.

"ఈ అంతస్తులో ఉప్పు ఎక్కువండీ. ఆవిరి పట్టి గట్టిపడుతుంది," అన్నాడు బాబాయి.

"మరి దీన్నా మీరు మూడేళ్లు ఎడమచేత్తో తిప్పింది?"

"రోజూ తిప్పితే తిరుగుతుందండీ."

"అది సరే. ఇదొక్కటే కాదుగా, ఇలా ఉప్పుపట్టేవి ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఈ పదకొండే ఎందుకు? ఎడమచెయ్యే ఎందుకు? పావుచుట్టు గారూ, పది రోజులుగా నాకు నిద్ర లేదు. మీ పని ఆపడం కోసం కాదు, అర్థంకాక అడుగుతున్నాను."

బాబాయి నేలవైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. సలహాదారు పద్నాలుగు పేజీలూ తిరగేశాడు.

అప్పుడు మెట్లెక్కి ఆవిరక్క వచ్చింది. షిఫ్టు పుస్తకం ఎడమచంకలో, కుడిచెయ్యి జేబులో. మమ్మల్నందరినీ ఒకచోట చూసి ఆగింది. తర్వాత నవ్వింది.

"జరగండి సార్, దానికి మీ చెయ్యి కొత్త," అని పుస్తకం బల్లమీద పెట్టి, ఎడమచేత్తో చక్రం పట్టుకుంది. భుజం ఆనించి తోసింది. చక్రం కదల్లేదు. ఇంకోసారి తోసింది. జేబులోని చెయ్యి బయటికి రాలేదు.

మేనేజరు ఆ జేబుని చూశాడు. చక్రం మీదున్న ఆమె ఎడమచెయ్యి చూశాడు. తర్వాత మా బాబాయి ఎడమచెయ్యి చూశాడు. అది ఎక్కడ దాక్కోవాలో తెలియక ప్యాంటు మీద నూనె తుడుచుకుంటోంది. పది రోజుల్లో మొదటిసారి మేనేజరు నొసటి మీద ముడి విడిపోయింది. ఆయన ఏదో అనబోయి, ఆమె వైపు చూసి, మానేశాడు.

"సార్," అంది ఆవిరక్క ఊపిరి తీసుకుంటూ, "సోమవారం చక్రం పరీక్ష ఎన్నింటికి?"

మేనేజరు మడిచిన చొక్కా చేతులు ఒక్కొక్కటే దించుకున్నాడు. నావైపు తిరిగి, రాసుకో అన్నట్టు సైగ చేశాడు.

"ఈ ఏడాది చక్రం పరీక్ష వాల్వులు రాస్తాయి. మూడువందల పన్నెండూ ఎడమచేత్తో తిప్పి చూడండి. ఒంటిచేతికి తిరగని వాల్వు ఏదైనా సరే తప్పినట్టు, విప్పి మరమ్మతు బల్లమీదికి పంపండి. పావుచుట్టు గారు ఈ పూటనుంచే తన పనిలో ఉంటారు."